మొక్కుకోడి మెడ ఈకలు

12 ఏప్రిల్ 1959

పొద్దున బస్సుకు మంజులత పుట్టింటికి పోయింది. వాళ్ళ తమ్ముడు సోమన్న వచ్చి తీసుకుపోయాడు. నార్కట్‌పల్లిలో బస్సు ఎక్కడ మారాలో, మోత్కూర్ బస్సు దొరక్కపోతే ఎవరింట్లో ఆగాలో సోమన్నకు రెండుసార్లు చెప్పాను. వాడు నిన్న ఆ దారినే వచ్చాడు, వాడికి తెలియదా! భార్యతో చెప్పవలసిన మాట నోటికి రాక, ఉన్న మాటలన్నీ బామ్మర్దికి చెప్పాను.

బస్సు ఎక్కేముందు ఆమే నోరు విప్పింది. వెంట నడిచి వచ్చిన కోడిపుంజు మెడ నిమిరి, "దీన్ని పైలంగ చూసుకో. శ్రావణంల మైసమ్మకు మొక్కు చెల్లియ్యనీకి వస్త" అన్నది.

కోడి, నేను కలిసి ఇంటికి వచ్చాం.

14 ఏప్రిల్

మా క్వార్టర్ వెనకాల ఉండే గొర్లోళ్ళ భద్రమ్మ జొన్నరొట్టె తెచ్చింది. వద్దంటే వినలేదు. నేను తింటున్నంతసేపూ గడపలో కూర్చుని మళ్ళీ అదే కథ చెప్పింది.

"మాగంల నీ పెండ్లాం తెలివి లేకుండ పడి ఉన్నప్పుడు నేనే గద సారూ, గీ కోడిని పట్టుకొని కట్ట మైసమ్మకు మొక్కింది. పానం దక్కియ్యి తల్లీ అన్న. దక్కిచ్చింది. రెండు పానాలు అనక పోతి. నా నోరు పడిపోను."

తల్లి దక్కింది. బిడ్డ దక్కలేదు. ఊకో అవ్వా, నీ తప్పేమీ లేదని చెప్పాను. 

పొద్దునా సాయంత్రం డిండి చెరువు నీటిమట్టం చూసి రాయడం నా పని. ఈ రోజు కూడా తగ్గింది. ఎండాకాలం కదా, తగ్గుతుంది.

19 ఏప్రిల్

బల్ల దుమ్ము దులిపి మళ్ళీ చేపల గాలాలకు ఉత్తుత్తి ఈగలు కట్టడం మొదలుపెట్టాను. భద్రమ్మ మొగుడు ఐలేశం గొర్రెల ఉన్ని కొంచెం తెచ్చి ఇచ్చి, ఎప్పటిలాగే కిటికీ దగ్గర నిలబడి చూశాడు. ఎప్పటిలాగే అడిగాడు.

"గాలానికి వానపామును గుచ్చితే చేప పడదా సారూ?"

"పడతది."

"మరి గీ ఉన్ని, గీ ఈకలు, గీ దారం ఎందుకు? చేపను మోసం జెయ్యనీకి గింత కష్టమా?"

చెరువు కట్టే రోజుల్లో హాల్ అనే తెల్లదొర దగ్గర నేను నకళ్ళు రాసే గుమాస్తాను. ఆ దొర నేర్పిన విద్య ఇది. గాలాన్ని చిన్న పట్టుకారులో బిగించి, ఉన్నితో పొట్ట చుట్టి, కోడి మెడ ఈకను దాని చుట్టూ తిప్పి దారంతో ముడి వేస్తే, ఈక పోగులు కాళ్ళలా విచ్చుకుంటాయి. ఆ కాళ్ళ మీద ఈగ నీటి పైన నిలబడుతుంది. నిజం ఈగ అనుకుని పరక చేపలు ఎగిరి పట్టుకుంటాయి. దొర పోతూ పోతూ పట్టుకారు, గాలాల డబ్బా నాకు ఇచ్చిపోయాడు. ఇంత చెప్పినా ఐలేశం అడిగిన దానికి అది జవాబు కాదు. ఎందుకో నాకూ తెలియదు.

మంజులత పెళ్ళైన కొత్తలో అందరితో అనేది, "మా ఆయన ఈగలు తోలుకుంట కూసుంటడనుకునేరు. తోలడు, కడతడు" అని. అని నవ్వేది.

2 మే

ఊళ్ళో దొరికే ఈకలు మెత్తవి. రాలిపడిన ఈక నీళ్ళు తాగి మునిగిపోతుంది. బతికి ఉన్న ముదురు పుంజు మెడ మీది ఈక కావాలి, బిర్రుగా ఉండాలి. అటువంటి పుంజు ఈ చుట్టుపక్కల ఒక్కటే ఉంది. మా ఎర్ర డేగరంగు పుంజు. మెడ మీద ఎండ పడితే ఇత్తడి చెంబు తోమి పెట్టినట్టు ఉంటుంది.

అది మొక్కుకోడి. ముట్టుకోను.

3 మే

ఒక్క ఈక పీకాను. కోడికి నొప్పి కూడా తెలియలేదు.

9 మే

ఒక్కటే అనుకున్నాను గానీ, ఈగకు రెండు ఈకలు చుడితేనే నిలబడుతుంది. దొర కూడా రెండే చుట్టేవాడు. ఇంత మెడకు నాలుగు ఈకలు పోతే ఏమవుతుంది?

17 మే

మోత్కూర్ నుంచి కబురు లేదు. నేను ఎదురుచూస్తున్నానని కాదు. బస్సు వచ్చే వేళకు కట్ట మీద ఉంటాను, నీటిమట్టం చూసే వేళా అదే కనుక.

26 మే

ఇవాళ రాయకూడదనుకున్నది రాస్తున్నాను.

మాఘంలో ఆ రోజు బిడ్డను నేనే తీసుకుపోయాను. ఐలేశం పార పట్టుకుని వచ్చాడు. తిరిగి వచ్చి, స్నానం చేసి, బల్ల ముందు కూర్చున్నాను. మంజులతకు అప్పుడే తెలివి వచ్చింది. మంచం మీది నుంచి చూసింది. నేను దారం చుడుతున్నాను. "నీకు గీ యాళ్ళ గూడ ఈగలేనా?" అన్నది. దారం చుడుతూనే ఉన్నాను. ఆమె గోడ వైపు తిరిగింది. ఆ తిరగడం తిరగడమే, బస్సు ఎక్కేదాకా మళ్ళీ నా వైపు తిరగలేదు.

ఆమెకు నా మీద కోపం ఉండడంలో తప్పు లేదు. చూసిన వాళ్ళెవరికైనా అలాగే అనిపిస్తుంది.

14 జూన్

వాన పడింది. మొదటి వాన. పొద్దుగూకేసరికి పుట్టల్లోంచి ఉసిళ్ళు లేచాయి. చెరువు మీద రెక్కలు పరిచినట్టు పడ్డాయి. పరకలు పిచ్చెత్తినట్టు ఎగిరాయి. నేను ఉల్లిపొరతో రెక్కలు, డేగ ఈకతో కాళ్ళు పెట్టి కట్టిన ఉసిళ్ళను వేశాను. అసలు వాటిని వదిలిపెట్టి నా వాటినే పట్టాయి! దొర చూసి ఉంటే టోపీ తీసేవాడు.

బుట్ట నిండా చేపలు. ఇంటికి వచ్చి "మంజూ" అని పిలిచాను. పొరపాటున.

చేపలు భద్రమ్మకు ఇచ్చాను. పొయ్యి వెలిగించలేదు.

15 జూన్

భద్రమ్మ కోడిని ఎత్తుకుని చూసింది.

"మెడ పలచవడ్డదేంది సారూ?"

"ఎండకు రాలుతున్నయవ్వా."

"వాన పడినంక గూడనా?"

నీటిమట్టం చూసే వేళైందని లేచి కట్ట మీదికి పోయాను.  ఇక ముట్టుకోను.

28 జూన్

ఇదే ఆఖరు.

5 జూలై

ఒక మాట రాయాలి. రాసి, రేపు చదవను.

ఆమె కోడి కోసం వస్తానంది. నా కోసం వస్తానని అనలేదు. నేను రోజూ దానికి నూకలు వేస్తాను, పిల్లి రాకుండా చూస్తాను, దాని నీళ్ళ చిప్ప కడుగుతాను. మొక్కు తీరితే ఆమెకు ఈ ఇంటితో పని ఏముంది? సోమన్న మళ్ళీ వస్తాడు, మళ్ళీ బస్సు ఎక్కిస్తాడు. అప్పుడు చూసుకోమని అప్పగించడానికి కోడి కూడా ఉండదు.

నాకు ఆ కోడి మీద కోపంగా ఉంది. నవ్వుకుంటే నవ్వుకోనీ.

6 జూలై

ఈక కావలసి పీకాను, అంతే. నిన్న రాసింది మరీ చాదస్తం.

12 జూలై

తూము పక్క తుంగలో నీళ్ళు ఎర్రగా కదిలాయి. వంగి చూస్తే కొర్రమట్ట పిల్లలు, అన్నీ ఒక ముద్దగా కలిసి ఈదుతున్నాయి. కింద తల్లీ తండ్రీ కాపలా. అటువంటప్పుడు కొర్రమట్ట దగ్గరికి ఏది వచ్చినా మీద పడుతుంది, ఆకలికి కాదు. ఎరతో పని లేదు, గుడ్డపేలిక వేసినా కరుస్తుంది. పిల్లల కోసం పట్టుబడుతుంది. చేపలు పట్టే వాళ్ళందరికీ తెలిసిన సంగతే ఇది.

గాలం చేతిలోనే ఉంది. వెయ్యలేదు. గట్టు మీద కూర్చుని ఏడ్చాను. మాఘం నుంచి ఇదే మొదటిసారి. చాలాసేపు ఏడ్చాను, ముక్కు చీదుకుని మళ్ళీ ఏడ్చాను. గొర్రెలు తప్ప ఎవరూ చూడలేదు.

26 జూలై

బస్సు కండక్టర్ చేత సోమన్న కబురు పంపాడు. శ్రావణం పడ్డాక మొదటి ఆదివారం మొక్కు. అక్కను తీసుకుని వస్తాడట, సాయంత్రం బస్సుకు తిరిగి తీసుకుపోతాడట.

కోడిని చూశాను. ఇంతకాలం ఒక్కొక్కటిగా చూశాను గానీ మెడ మొత్తం ఎప్పుడూ చూడలేదు. బోడిగా ఉంది. గులాబీరంగు తోలు, అక్కడక్కడా రెండు పోగులు. నేను ఇంత చేశానా?

27 జూలై

భద్రమ్మకు చెప్పక తప్పలేదు. నెత్తి కొట్టుకుంది.

"ఎంత పని జేస్తివి సారూ! మొక్కుకున్నదానికి ఈక ఊడగూడదు. పసుపునీళ్ళు జల్లితే మెడ ఈకలు ఇదిలియ్యాలె. ఇదిలిస్తెనే తల్లి ఒప్పుకున్నట్టు. బోడిమెడ ఏం ఇదిలిస్తది?"

"ఇంకో పుంజును కొందమా అవ్వా? ఇసొంటి రంగుదే?"

"మైసమ్మ కండ్లు మూసుకొని కూసుంటదా? గా తల్లి సంగతి తర్వాత. నీ పెండ్లాం గుర్తువట్టదా? పిల్లగ ఉన్నప్పటి సంది సాదింది."

ఈకలు మళ్ళీ రావాలంటే దసరా దాటాలట. శ్రావణం వారం రోజుల్లో ఉంది.

8 ఆగస్టు

ఈ రోజు చేసిన పని ఎవరితో చెప్పినా నమ్మరు. కట్టిన ఈగలన్నీ ముందేసుకుని ఒక్కొక్కదాని ముడి కోశాను. ఈకలు విప్పాను. ఆవిరి పట్టి సాపు చేశాను. అయినా గాలానికి చుట్టిన వంపు పోలేదు. అచ్చంపేట సంతలో కొన్న తేనెమైనం కరిగించి, కోడిని కాళ్ళ మధ్య పెట్టుకుని, మెడ మీద ఒక్కొక్క ఈకను కింది నుంచి పైకి అతికించాను, కప్పు నేసినట్టు. మైనం చల్లారనిచ్చే పెట్టాను. అయినా అది రెండుసార్లు నా చెయ్యి పొడిచింది. పొడవనీ.

పూర్తయ్యాక దూరం నుంచి చూశాను. ఎర్ర డేగే. కొంచెం ఉంగరాల జుట్టు వచ్చినట్టుంది, అంతే. నా చేతి పని ఇంత బాగా ఎప్పుడూ కుదరలేదు.

9 ఆగస్టు, ఆదివారం

వచ్చింది. చిక్కిపోయింది. చేతిలో బోనం కుండ, పసుపు, వేపమండలు. ఇంట్లోకి రాలేదు, నేరుగా కట్ట మీదికే పోయింది. నేను కోడిని కదలకుండా పట్టుకుని వెనక నడిచాను.

మైసమ్మ రాళ్ళకు పసుపు పూసి, కోడిని కిందికి దించారు. ఆమె దాని వంక ఒకసారి వింతగా చూసింది.  భద్రమ్మ కోడి తల మీద పసుపునీళ్ళు చల్లింది.

కోడి విదిలించింది. ఎంత చక్కగా విదిలించిందంటే, ఈకలన్నీ ఒక్కసారి లేచి మైసమ్మ రాళ్ళ మీద, భద్రమ్మ నెత్తి మీద, బోనం మీద పడ్డాయి. బోడిమెడ కోడి మధ్యలో నిలబడి కూత వేసింది.

 ముందు సోమన్నే అన్నాడు, "బావా, నీకు బుద్ధున్నదా? మొక్కుకోడితోని ఆటలా?"

మంజులత వంగి, తడిసిన ఈకలను ఏరి కొంగులో వేసుకుంది. ఒక ఈకను వేళ్ళతో సాగదీసి వదిలింది. అది మళ్ళీ చుట్టుకుంది. మైనం గీకి వాసన చూసింది. నన్ను చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె భుజాలు కదిలాయి. ఏడ్చిందో నవ్విందో నాకు తెలియలేదు.

"నడువక్కా. బస్సు యాళ్ళయితాంది" అన్నాడు సోమన్న.

"మొక్కు తీరకుంట యాడికొస్త? ఈకలు మొలిచేదాంక ఈడనే ఉంట" అన్నది.

భద్రమ్మ వెంటనే, "ఔ బిడ్డా. కార్తీకం పడకముందు మొక్కు తీర్చుకుందువు. గప్పటికి మొలుస్తయి" అన్నది. నా వైపు మాత్రం చూడలేదు.

10 ఆగస్టు

ఇంట్లో ఉంది. నాతో మాట్లాడదు. కోడితో మాట్లాడుతుంది.

23 ఆగస్టు

అన్నం వండి, గిన్నె మూతపెట్టి, తాను భద్రమ్మ దగ్గరికి పోతుంది. నేను తిన్నాక వస్తుంది. ఒక్కణ్ణే ఉన్నప్పుడు ఇల్లు ఇంత నిశ్శబ్దంగా లేదు. బల్లను గోడ వారకు జరిపి గుడ్డ కప్పేశాను. సాయంత్రాలు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

6 సెప్టెంబర్

కోడి మెడ మీద ముళ్ళలాంటివి లేచాయి. కొత్త ఈకలు. ఆమె సంతోషంగా భద్రమ్మకు చూపించింది. నేను కూడా చూశాను. సంతోషం కలగలేదు.

20 సెప్టెంబర్

ఇవాళ వాన. ఆమె భద్రమ్మ ఇంటికి పోలేకపోయింది. గడపలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. నేను కిటికీ దగ్గర. ఉన్నట్టుండి అన్నది, తల ఎత్తకుండానే.

"గా రోజు ఎందుకు కూసున్నవు, బల్ల కాడ?"

ఎన్నో నెలలు ఈ ప్రశ్నకు జవాబు తయారు చేసుకున్నాను. అదంతా మరిచిపోయాను.

"వాణ్ణి గీ చేతుల మీదనే ఎత్తుకపోయిన. బరువే లేడు. ఇంటికొచ్చినంక గా బరువు చేతులల్లనే ఉన్నది. ఖాళీగ పెడితే ఇంక బరువైతున్నయి. ఏదన్న పట్టుకోవాలె అనిపిచ్చింది. ఈగ దొరికింది. నీ దగ్గరికి రావాలె గని, చేతులు ఖాళీగ పెట్టుకొని ఎట్ల రావాలె?"

చేటలో బియ్యం కదలడం ఆగింది. తల ఎత్తి అడిగింది.

"మొఖం ఎవరి లెక్క ఉండె?"

ఆమె బిడ్డను చూడనే లేదు. ఆమెకు తెలివి వచ్చేసరికి నేను తీసుకుపోయాను. ఆ సంగతి నేను ఒక్కనాడూ తలచుకోలేదు.

"నీ లెక్కనే. ముక్కు మాత్రం నాది."

"పాపం" అన్నది. నా ముక్కు గురించే అన్నది. తర్వాత ఇద్దరమూ ఏడ్చాం. ఈసారి గొర్రెలు కూడా లేవు.

21 సెప్టెంబర్

మళ్ళీ మాటలు లేవు. కానీ అన్నం ఇద్దరికీ ఒకేసారి వడ్డించింది.

11 అక్టోబర్

కోడి మెడ నిండింది. మునుపటి కంటే ఎర్రగా, ఇంకా మెరుగ్గా. ఊరంతా మెచ్చుకుంటోంది. దసరా పోయాక వచ్చే రెండో ఆదివారం మొక్కు అని భద్రమ్మ ఖాయం చేసింది. అది దాటితే దీపావళి, ఆ తర్వాత కోడి కొయ్యని కార్తీకం. సోమన్నకు కబురు పోయింది.

18 అక్టోబర్

మొక్కు తీరాక ఏం చేస్తుందో చెప్పలేదు. ఉండమని అడగాలి. రెండుసార్లు ఆమె దగ్గరిదాకా పోయి, కోడి తిన్నదా అని అడిగి వచ్చాను.

24 అక్టోబర్

సోమన్న వచ్చాడు. ఆమె తన ట్రంకుపెట్టె దుమ్ము తుడిచింది. చీరలు బయటికి తీసింది, సర్దడానికో ఆరబెట్టడానికో తెలియదు. నేను నీటిమట్టం చూడడానికి పోయి, చీకటి పడేదాకా కట్ట మీదే ఉన్నాను. చెరువు నిండుగా ఉంది. అడగలేదు.

25 అక్టోబర్, ఆదివారం

పొద్దున కట్ట మీది నుంచి వచ్చేసరికి ఇంటి ముందు భద్రమ్మ గొంతు. కోడిని చంకలో పెట్టుకుని, మెడ ఈకలు విడదీసి చూపిస్తోంది. సోమన్న నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"మళ్ల పీకినవా సారూ! ఈడ ఒక ఈక లేదు, సూడు! నీ చేతులకు ఏం పుట్టింది?"

నేను పీకలేదు. మైసమ్మ తోడు, మే నెల నుంచి ఎన్నిసార్లు అబద్ధమాడానో అన్నిసార్లూ ఒప్పుకుంటాను గానీ, శ్రావణం నుంచి ఆ కోడిని ముట్టలేదు. అదే చెప్పబోయాను. అంతలో కిటికీలోంచి బల్ల కనబడింది. గోడ వారకు జరిపిన బల్ల మళ్ళీ కిటికీ దగ్గర ఉంది. కప్పిన గుడ్డ మడతపెట్టి ఉంది. పట్టుకారు పక్కన ఒకే ఒక్క ఎర్ర ఈక, మొదలు ఇంకా తడిగా ఉంది.

మంజులత పొయ్యి ముందు కూర్చుంది, వీపు మా వైపు. పొయ్యి ఊదుతోంది. అప్పటికే బాగా మండుతున్న పొయ్యిని ఊదుతోంది.

"ఔనవ్వా" అన్నాను. "నేనే పీకిన."

భద్రమ్మ తిట్టింది. సోమన్న కూడా తిట్టాడు. ఎంతసేపు తిట్టినా నిలబడి విన్నాను. చివరికి మంజులత అక్కడి నుంచే, తిరగకుండానే అన్నది.

"పోనీయవ్వా. తల్లి ఆగుతది. తమ్మీ, బువ్వ తిని పో, బస్సు యాళ్ళయితది."

ఇంతకాలం పీకి, పీకలేదన్నాను. ఇవాళ పీకకుండానే పీకానన్నాను. సోమన్న మధ్యాహ్నం బస్సుకు ఒక్కడే పోయాడు. సాయంత్రం ఆమె దీపం తెచ్చి బల్ల మీద పెట్టి, పక్కనే కూర్చుని బియ్యం ఏరింది. ఈగ కట్టలేదు. ఈకను ఇద్దరి మధ్యా అలాగే ఉంచాం.